ముందు ఓడ, తర్వాత హోటల్: బ్లూ స్టార్ ఫెర్రీలో నాక్సోస్, శాంటోరిని

గ్రీస్ దీవులకి వెళ్దామనుకుంటున్నాం, ఎక్కడ దిగితే బాగుంటుంది అని అడిగేవాళ్ళు ఈమధ్య మా చుట్టాల్లోనూ ఆఫీసులోనూ బాగా పెరిగారు. ఫ్లైట్ టికెట్లు కొనేస్తారు, శాంటోరినిలో సముద్రం కనిపించే గది బుక్ చేసేస్తారు, వీసా కాగితాలన్నీ సిద్ధమయ్యాక ఆఖర్న అడుగుతారు, ఒక దీవి నుంచి ఇంకో దీవికి ఎలా వెళ్ళాలి అని. నన్నడిగితే మొదట తేల్చుకోవాల్సింది అదే. ఏ ఓడ, ఏ రేవు, ఏ టైము, గాలి లేస్తే ఏం చేయాలి, ఇవి తేలాకే హోటల్. మేము అమ్మానాన్నల్ని, మా అమ్మాయిని వెంటబెట్టుకుని ఇంటిల్లిపాదీ వెళ్ళొచ్చాం. పెద్దవాళ్ళు, చిన్నపిల్ల, బోలెడు సామాను, ఇన్ని ఉన్నా ట్రిప్ హాయిగా సాగిందంటే సగం పుణ్యం ఏథెన్స్ రేవు పిరేయస్ నుంచి నాక్సోస్ మీదుగా శాంటోరిని వెళ్ళే బ్లూ స్టార్ వాళ్ళ పెద్ద ఫెర్రీదే. ఈ రివ్యూ ముఖ్యంగా దాని గురించి, ఆ దారిలో మేము దిగిన రెండు దీవుల గురించి.

మొదట ఇక్కడ ఒక ట్రావెల్ ఏజెన్సీని అడిగాం. ఏథెన్స్, మికోనోస్, శాంటోరిని, క్రీట్ అన్నీ ఒక్క వారంలో కుక్కేసి రంగురంగుల కాగితం చేతిలో పెట్టారు. అది చూసి నాన్న అడిగిన మొదటి మాట, "అమ్మాయ్, ఇందులో మనం కూర్చునేదెప్పుడు?" ఆయన అడిగింది అక్షరాలా నిజం. దీవి మారిన ప్రతిసారీ ఒక పూట గల్లంతవుతుంది. పదకొండింటికల్లా గది ఖాళీ చేయమంటారు, ఓడ మధ్యాహ్నం రెండింటికి ఉంటుంది, మధ్యలో సామాను ఎక్కడ పెట్టాలో తెలియదు, రేవుకి ముందే చేరి ఎండలో నిలబడాలి, ఆ ఓడ కాస్త ఆలస్యంగా వస్తే అవతలి దీవిలో గది తాళం చేతికొచ్చేసరికి చీకటి పడుతుంది. ఇలా నాలుగు దీవులు మారితే చూసేది రేవులే. వారం, పది రోజుల ట్రిప్‌కి రెండు దీవులు చాలు, అవి ఒకే లైన్‌లో ఉండాలి. ఈ ఒక్క విషయం మీద మాత్రం ఎవరు ఎంత వాదించినా నేను వినను.

లైన్ అంటే ఓడ వరసగా ఆగుతూ వెళ్ళే దారి. గ్రీస్ దీవులన్నీ ఒక్కచోట లేవు. మనం ఫోటోల్లో చూసే తెల్ల ఇళ్ళవి సైక్లడీస్ దీవులు, ఏథెన్స్‌కి ఆగ్నేయంగా ఏజియన్ సముద్రంలో ఉంటాయి: మికోనోస్, పారోస్, నాక్సోస్, శాంటోరిని, ఇంకా బోలెడు. రోడ్స్, కోస్ లాంటివి అటు టర్కీ తీరం పక్కన ఉన్నాయి. కోర్ఫు, జాకింథోస్ అసలు దేశానికి ఇవతలి వైపు, పడమటి సముద్రంలో ఉన్నాయి. కోర్ఫు, శాంటోరిని రెండూ ఒకే ట్రిప్‌లో చూస్తామని ఒకరు నాతో అన్నారు. ఆ రెండిటి మధ్య ఓడలు తిరగవు, తిరిగి ఏథెన్స్ వచ్చి విమానం మారాల్సిందే. మ్యాప్ ఒక్క పది నిమిషాలు ముందు పెట్టుకుంటే ఈ తిప్పలు ఉండవు. పిరేయస్, పారోస్, నాక్సోస్, శాంటోరిని అనే వరస మాత్రం పెద్ద ఓడలు సీజన్‌లో రోజూ తిరిగే రాజమార్గం. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను ఇదే చెబుతాను.

టికెట్లు ఫెర్రీహాపర్ అనే గ్రీకు యాప్‌లో తీసుకున్నాం. అన్ని కంపెనీల ఓడలూ ఒకే పేజీలో కనిపిస్తాయి, ఏది ఎన్ని గంటలు పడుతుందో, మధ్యలో ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది, బయల్దేరే ముందు ఆన్‌లైన్ చెక్-ఇన్ చేస్తే క్యూఆర్ కోడ్ ఫోన్‌కే వస్తుంది. పేర్లు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఇవ్వండి. అయిదేళ్ళలోపు పిల్లలకి డబ్బు తీసుకోరు గానీ వాళ్ళ పేరు మీదా టికెట్ ఉండాలి. ఎకానమీ టికెట్ అంటే ఓడలో ఖాళీ ఉన్న చోట కూర్చోవచ్చని అర్థం. ఇంకొన్ని యూరోలు కలిపితే నంబరు వేసిన సీటు, విమానంలో సీట్ల లాంటిది, మన పేరు మీద ఉంటుంది. కుర్రవాళ్ళు గుంపుగా వెళ్తే ఆ ఖర్చు అక్కర్లేదు, డెక్ మీదే ఉంటారు ఎలాగూ. పెద్దవాళ్ళు ఉంటే మాత్రం కళ్ళు మూసుకుని ఆ సీట్లు తీసుకోండి. జూలై, ఆగస్టుల్లో సీటు కోసం లోపల వేట మొదలవుతుంది, మోకాళ్ళ నొప్పులతో నాన్న ఆ పరుగుల్లో పడకూడదని మేము ముందే తీసుకున్నాం. ఆ డబ్బు పూర్తిగా దక్కినట్టే.

హైదరాబాద్ నుంచి దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో వెళ్ళినా ఏథెన్స్‌లో దిగేసరికి ఒళ్ళు హూనం అయిపోతుంది. అదే రోజు ఓడ ఎక్కే ప్లాన్ వేయకండి. ఫ్లైట్ గంట లేటైతే ఓడ ఆగదు, ఇమిగ్రేషన్ క్యూ ఎంత ఉంటుందో మన చేతిలో లేదు. ఒక రాత్రి పిరేయస్‌లోనే పడుకుంటే మర్నాడు ఉదయం ఏడున్నర ప్రాంతంలో బయల్దేరే ఓడకి టెన్షన్ లేకుండా నడిచి వెళ్ళొచ్చు. ఎయిర్‌పోర్ట్ నుంచి పిరేయస్‌కి ఎక్స్96 బస్సు ఇరవైనాలుగు గంటలూ తిరుగుతుంది. నీలం లైన్ మెట్రో కూడా 2022 నుంచి ఎయిర్‌పోర్ట్‌నీ పిరేయస్‌నీ నేరుగా కలుపుతోంది, ఎక్కడా మారక్కర్లేదు. రద్దీ మెట్రోలో జేబులు జాగ్రత్త, బ్యాగు ముందుకి తగిలించుకోండి.

పిరేయస్ రేవు చాలా పెద్దది, గేట్లు ఈ1 నుంచి ఈ12 దాకా ఉంటాయి. ఒక చివర నుంచి ఇంకో చివరికి సామానుతో నడవడం అయ్యే పని కాదు. సైక్లడీస్ వెళ్ళే బ్లూ స్టార్ ఓడలు మామూలుగా మెట్రో స్టేషన్‌కి దగ్గర్లోని ఈ6, ఈ7 వైపు ఆగుతాయి, అయినా ముందురోజు టికెట్‌లోనో మెసేజ్‌లోనో గేటు నంబరు చూసుకోవాలి. ట్యాక్సీ ఎక్కితే దీవి పేరు చెప్పి ఊరుకోకుండా గేటు నంబరు కూడా చెప్పండి.

ఎక్కడం మాత్రం ఒక అనుభవం, మా అమ్మాయి ఇప్పటికీ అదే చెబుతుంది. మనం ఊహించుకున్నట్టు పక్కనుంచి మెట్ల నిచ్చెన ఉండదు. ఓడ వెనక భాగం మొత్తం తలుపులా కిందికి దిగి గట్టు మీద ఆనుకుని ఉంటుంది, ఆ ఇనుప వాలు మీదుగానే లారీలు, కార్లు, బైకులు, కుక్కల్ని పట్టుకున్న మనుషులు, మనం, అందరం ఒకే నోట్లోకి పోతున్నట్టు లోపలికి వెళ్తాం. ఈల వేస్తూ చేతులు ఊపుతూ సిబ్బంది లారీల్ని వెనక్కి తిప్పి అంగుళం తేడా లేకుండా పెట్టిస్తుంటారు. లోపల గోడ వారగా సామాను పెట్టే ఇనుప అరలు, ఒక్కో దాని మీద దీవి పేరు రాసి ఉంటుంది: పారోస్, నాక్సోస్, శాంటోరిని. మీ దీవి అరలోనే పెద్ద పెట్టె పెట్టండి. పాస్‌పోర్ట్‌లు, మందులు, డబ్బు ఉన్న చిన్న బ్యాగు మాత్రం మీతోనే ఉండాలి, ఎందుకంటే ఓడ కదిలాక ఆ గ్యారేజీ మూసేస్తారు. అక్కడినుంచి ఎస్కలేటర్ మీద పైకి. నాన్న మొదట లారీలు చూసి జంకారు గానీ ఎస్కలేటర్ కనబడగానే ముఖం వెలిగింది.

దిగడం ఇంకా ముఖ్యం. నాక్సోస్ వస్తోందని మైకులో చెప్పగానే లేచి గ్యారేజీకి వెళ్ళిపోవాలి. ఓడ ఇంకా గట్టుకి చేరక ముందే జనం అక్కడ సామానుతో నిలబడి ఉంటారు, చీకటిగా, పొగ వాసనతో, ఇంజిన్ హోరుతో ఉంటుంది. అంతలో ఎదురుగా గొలుసుల చప్పుడుతో ఆ పెద్ద తలుపు నెమ్మదిగా కిందికి దిగుతుంది, ముందు ఒక గీతలా ఎండ, తర్వాత నీళ్ళు, తర్వాత ఊరు మొత్తం. చప్పట్లు కొట్టాలనిపించింది నాకైతే. అయితే మైమరచి నిలబడే టైము ఇవ్వరు. దీవుల దగ్గర ఓడ కొద్ది నిమిషాలే ఆగుతుంది, దిగేవాళ్ళు దిగుతుండగానే ఎక్కేవాళ్ళు కాచుకుని ఉంటారు. ముందు ఎవరు పెట్టె తీయాలి, ఎవరు పిల్లని పట్టుకోవాలి అన్నది పైనే మాట్లాడుకుని దిగండి. పెద్దవాళ్ళున్న ఇంటికి ఈ చిన్న ఏర్పాటు చాలా ఉపయోగం.

మధ్యలోని ఆ అయిదు గంటల పైచిలుకు ప్రయాణం మాకు ఎక్కడా విసుగనిపించలేదు. కాఫీ కౌంటర్లు ఉన్నాయి, అక్కడ గ్రీకువాళ్ళు పొద్దున్నే ఐసు వేసిన ఫ్రెడో ఎస్ప్రెసో చేతిలో పట్టుకుని కబుర్లలో పడతారు. ఆ కాఫీ మావారికి బాగా నచ్చింది, నాన్నకి అస్సలు ఎక్కలేదు. పాలకూర, చీజ్ పెట్టి కాల్చిన స్పానకోపిటా శాకాహారులకి పొద్దున్నపూట చక్కగా సరిపోతుంది. ఇంటినుంచి తెచ్చినవి తినడానికి ఎవరూ అడ్డు చెప్పరు, అమ్మ చేగోడీల డబ్బా తీస్తే పక్క సీట్లోని గ్రీకు మామ్మ రెండు తీసుకుని, ఒక ఆరెంజ్ వలిచి మా అమ్మాయికి ఇచ్చింది. డెక్ మీద గాలి బాగా ఉంటుంది, టోపీలు ఎగిరిపోతాయి. లోపల ఏసీ ఏ ఓడలోనైనా చలిగానే ఉంటుంది కాబట్టి ఒక శాలువా పైన బ్యాగులో ఉండాలి. కడుపులో తిప్పే బాధ ఉన్నవాళ్ళు ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తులో కూర్చోవాలి, డాక్టర్ రాసిన మాత్ర బయల్దేరడానికి ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేస్తే పెద్దగా లాభం ఉండదు.

మరి ఫాస్ట్ బోట్లు ఉన్నాయి కదా, సగం టైములో వెళ్తాయి కదా అని అందరూ అడుగుతారు. ఉన్నాయి. శాంటోరినికి పెద్ద ఓడ దాదాపు ఎనిమిది గంటలు తీసుకుంటే ఫాస్ట్ క్యాటమరాన్లు అయిదు గంటల ప్రాంతంలో చేరతాయి, టికెట్ ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటుంది. చాలావాటిలో డెక్ ఉండదు లేదా పేరుకి ఉంటుంది, అద్దాల లోపల సీటుకి అతుక్కుని కూర్చోవాలి. అలలు తక్కువున్న రోజు ఫరవాలేదు. గాలి ఉన్న రోజు, తేలికైన బోటు కాబట్టి కుదుపులు బాగా తెలుస్తాయి, సీట్ల మధ్య సంచులు పంచుతూ సిబ్బంది తిరుగుతుంటారు, అర్థమైంది కదా.

ఆ గాలి పేరు మెల్టెమి. జూలై మధ్య నుంచి ఆగస్టు చివరి దాకా ఉత్తరం నుంచి వీస్తుంది, ఆకాశంలో మబ్బు తునక కూడా ఉండదు, ఎండ కాస్తూనే ఉంటుంది, సముద్రం మాత్రం తెల్లగా నురగలు కక్కుతుంది. గాలి వేగాన్ని వాళ్ళు బ్యూఫోర్ట్ లెక్కలో చెబుతారు, సున్నా నుంచి పన్నెండు దాకా అంకెలుండే కొలత అది. ఎనిమిది ప్రాంతానికి వస్తే కోస్ట్‌గార్డ్ పెద్ద ఓడల్ని కూడా ఆపేస్తుంది, తేలిక బోట్లని అంతకంటే ముందే ఆపుతారు. నాక్సోస్‌లో మేము దిగిన చోటే ఒక పుణె కుటుంబం ఉండేది. వాళ్ళ క్యాటమరాన్ రద్దయిందని ముందురోజు రాత్రి మెసేజ్ వచ్చింది. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను గానీ కౌంటర్‌లో ఉన్నతను డబ్బు వాపసు ఇస్తాం అనడం తప్ప ఇంకో దారి ఉందని చెప్పనే లేదు. నిజానికి యూరోపియన్ యూనియన్ నియమం (1177/2010) ప్రకారం ఓడ రద్దయినా, గంటన్నర కంటే ఎక్కువ ఆలస్యం అవుతుందన్నా, డబ్బు వాపసు తీసుకోవాలా లేక అదనపు ఖర్చు లేకుండా వీలైనంత త్వరగా వేరే ఓడలో పంపమనాలా అన్నది ప్రయాణికుడి ఇష్టం. వాతావరణం వల్ల అయితే పైన పరిహారం రాదు, హోటల్ ఖర్చూ అడగలేం, కానీ ఈ రెండిట్లో ఒకటి ఎంచుకునే హక్కు మాత్రం అలాగే ఉంటుంది. ఈ సంగతి మావారు చెప్పాక వాళ్ళు వెళ్ళి గట్టిగా అడిగితే మర్నాటి ఓడలో చోటు దొరికింది. మీరూ గుర్తుపెట్టుకోండి. రద్దయిందనగానే రిఫండ్ బటన్ నొక్కేస్తే మిగతా ఓడలు నిండిపోయి దీవిలో ఇరుక్కుంటారు.

ఇక నాక్సోస్. సైక్లడీస్‌లో అన్నిటికంటే పెద్ద దీవి ఇదే, అయినా మనవాళ్ళ ప్లాన్‌లో పేరే కనబడదు. ఓడ రేవులోకి వస్తుండగానే ఎడంగా ఒక చిన్న గుట్ట మీద పాలరాతి ద్వారం నిలబడి ఉంటుంది, పోర్టారా అంటారు. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంలో అపోలో గుడి మొదలుపెట్టి మధ్యలో వదిలేశారు, ద్వారం మాత్రం మిగిలింది. రేవు నుంచి నడిచి వెళ్ళొచ్చు, టికెట్ లేదు. శాంటోరిని సూర్యాస్తమయం కోసం జనం తోసుకుంటారే, ఇక్కడ అదే సూర్యుణ్ణి ఆ ద్వారం మధ్యలోంచి రాతి మీద కాళ్ళు చాపుకుని చూడొచ్చు. అమ్మ దణ్ణం పెట్టుకుంది, గుడి ఎవరిదైనా.

ఇక్కడ బీచ్‌లు ఇసుకవి, లోతు ఒక్కసారిగా పెరగదు, పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఏగియోస్ ప్రోకోపియోస్, ప్లాకా రెండూ బాగుంటాయి. కానీ నన్ను కట్టిపడేసింది లోపలి ఊళ్ళు. రేవు పక్కనే బస్‌స్టాండ్, టికెట్ ఎక్కకముందే కొనాలి, అక్కడినుంచి హాల్కి, ఫిలోటి మీదుగా అపెయ్‌రాంథోస్ దాకా బస్సు కొండ ఎక్కుతుంది. అపెయ్‌రాంథోస్‌లో సందులకి కూడా పాలరాయి పరిచారు. ఫిలోటి పైన ఉన్న జాస్ పర్వతం 1,004 మీటర్లు, సైక్లడీస్‌లో దీన్ని మించిన ఎత్తు లేదు. ఇది వ్యవసాయం ఉన్న దీవి, ఇక్కడి ఆలుగడ్డలకి, గ్రావియేరా అనే చీజ్‌కి గ్రీస్ అంతా పేరు. నాక్సోస్ ఆలుగడ్డల వేపుడు తిన్నాక మా అమ్మాయికి ఇంకేదీ నచ్చలేదు.

శాకాహారులకి గ్రీస్‌లో తిండి దొరకదన్న భయం అనవసరం. బియ్యం, మూలికలు కూరి కాల్చిన టమాటా, క్యాప్సికం (గెమిస్టా), పెద్ద చిక్కుడుగింజల కూర (గిగాంటెస్), వంకాయ, బంగాళాదుంప కలిపి ఓవెన్‌లో వండే బ్రియామ్, ఇవన్నీ వాళ్ళ ఇళ్ళలో మామూలు వంటలే. ఉపవాస రోజుల్లో వాళ్ళూ మాంసం, పాలు ముట్టరు కాబట్టి 'నిస్తీసిమో' (ఉపవాసపు వంట) అని అడిగితే హోటల్‌వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది, రొయ్యలు, ఆక్టోపస్ లాంటివి మాత్రం అందులో ఉండొచ్చు, అవీ వద్దని చెప్పండి. గెమిస్టాలో కొన్నిచోట్ల ఖీమా కలుపుతారు, అడిగి తీసుకోండి. శాంటోరినిలో ఫావా అని పసుపు పప్పుని మెత్తగా ఉడికించి పైన ఆలివ్ నూనె, ఉల్లిపాయ, నిమ్మరసం వేసి ఇస్తారు, అచ్చం మన ముద్దపప్పే, అమ్మ దాంట్లో కారప్పొడి కలుపుకుని తృప్తిగా తింది. అన్నట్టు ఇంటినుంచి తీసుకెళ్ళేవాళ్ళకి ఒక మాట: యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు సామానులో తేకూడదు. చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదిలేయండి. ఆవకాయ, కందిపొడి ఫరవాలేదు.

నాక్సోస్‌లో తీరిక దొరికితే ఎక్స్‌ప్రెస్ స్కోపెలీటిస్ అనే చిన్న ఓడ గురించి రేవులో వాకబు చేయండి. ఇరాక్లియా, స్కినూసా, కూఫోనీసియా లాంటి బుల్లి దీవుల్ని చుట్టి అమోర్గోస్ దాకా వెళ్తుంది. ఆ దీవుల వాళ్ళకి కావాల్సిన సరుకులు కూడా అందులో వెళ్తాయి. బాగా ఊగుతుంది, పెద్దవాళ్ళని ఎక్కించలేదు, నేనూ మావారే వెళ్ళాం. కూఫోనీసియాలో నీళ్ళ రంగు చూశాక ఆ ఊగుడు గుర్తులేదు.

నాక్సోస్ నుంచి శాంటోరినికి అదే బ్లూ స్టార్ లైన్‌లో రెండు గంటల పైన. ఇక్కడ మాత్రం డెక్ మీదే ఉండండి, లోపల కూర్చుంటే నష్టం. ఒకప్పుడు అగ్నిపర్వతం పేలి మధ్య భాగం కూలిపోతే సముద్రం లోపలికి వచ్చింది, ఓడ ఇప్పుడు ఆ గుంటలోకే వెళ్తుంది. ఎర్ర, నలుపు, బూడిద రంగుల పొరలతో నిట్టనిలువు కొండ, దాని అంచున తెల్లగా ఊళ్ళు. విమానంలో దిగేవాళ్ళకి ఈ రాక దక్కదు. ఎనిమిది గంటల ఓడ ఎందుకు అనేవాళ్ళకి నా జవాబు ఈ చివరి అరగంట.

దిగేది అతినియోస్ రేవులో. కొండ కింద ఇరుకు గట్టు, పైకి మెలికలు తిరిగే రోడ్డు, ఒకేసారి వందల మంది. బస్సులు ఉంటాయి, ఫిరా అనే ఊరికి వెళ్తాయి, పెద్దవాళ్ళుంటే మాత్రం హోటల్‌వాళ్ళతో చెప్పి కారు ముందే మాట్లాడుకోండి. ఇంకో సంగతి, ఫోటోలు చూసి బుక్ చేసే కొండ అంచు గదులకి చాలావాటికి మెట్లు తప్ప దారి లేదు. ఎన్ని మెట్లో మెయిల్ పెట్టి అడగండి. మేము అడిగాం, డెబ్బై పైన అన్నారు, వదిలేసి లోపలి వైపు ఊళ్ళో తీసుకున్నాం, ధర కూడా బాగా తగ్గింది.

శాంటోరిని గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అందం విషయంలో ఎవరూ అతిశయోక్తి చెప్పలేదు, కానీ రెండు రాత్రులు చాలు. క్రూయిజ్ ఓడలు వచ్చిన రోజు ఫిరా సందుల్లో అడుగు తీసి అడుగు వేయలేం. క్రూయిజ్ ప్రయాణికులు రోజుకి 8,000 దాటకూడదని పరిమితి పెట్టారు, 2025 నుంచి సీజన్‌లో తలకి 20 యూరోల రుసుమూ తెచ్చారు, అయినా రద్దీ రద్దీయే. సూర్యాస్తమయానికి పేరున్న ఇయా అనే ఊళ్ళో సాయంత్రం కోట దగ్గర జనం మధ్య నిలబడే బదులు పొద్దున ఏడింటికి వెళ్ళండి, సందులన్నీ మీవే. ఫిరా కింది పాత రేవు నుంచి పైకి 588 మెట్లు, గాడిదల సవారీ ఉంటాయి, ఆ ఎండలో వాటి మీద మనుషుల్ని ఎక్కించడం చూస్తే బాధేసింది. కేబుల్ కార్ ఉంది, అదే వాడండి.

అన్నిటికంటే నాకు నచ్చింది అక్రోటిరి. దాదాపు 3,600 ఏళ్ళ కింద బూడిదలో కూరుకుపోయిన ఊరు, 1967లో తవ్వకాలు మొదలయ్యాయి. రెండు మూడు అంతస్తుల ఇళ్ళు, మెట్లు, మురుగు కాలువలు, వరసగా పెద్ద పెద్ద కుండలు, అన్నీ పైకప్పు కింద నీడలో నడుస్తూ చూడొచ్చు. మనుషుల అస్థిపంజరాలు దొరకలేదు, ముందే ప్రమాదం పసిగట్టి వెళ్ళిపోయారని అంటారు. అక్కడి గోడల మీది బొమ్మలు కొన్ని ఫిరాలోని మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో నీలం రంగు కోతుల గుంపు ఒకటి. ఆ తోకలు పైకెత్తి వంచిన తీరు చూసి అవి మన దేశపు కొండముచ్చులని కొందరు పరిశోధకులు 2019 ప్రాంతంలో రాశారు. గ్రీస్‌లో కోతులు లేవు మరి. ఎక్కడి కొండముచ్చు, ఎక్కడి గోడ! నాన్న ఆ బొమ్మ ముందు నుంచి కదల్లేదు, మేము బయటికి వచ్చి కూర్చున్నాం.

డబ్బు, కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. గ్రీస్‌కి కావాల్సిన షెంగెన్ వీసా ఫీజు 2024 జూన్ నుంచి పెద్దలకి 90 యూరోలు, వీసా సెంటర్ ఛార్జీ వేరే. ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, వేసవి సీజన్‌కి అపాయింట్‌మెంట్లు త్వరగా అయిపోతాయి. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. గది అద్దెకి అదనంగా ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ప్రతి రాత్రికీ గదికి ఒక పన్ను కట్టాలి, 2025లో త్రీ స్టార్‌కి 5 యూరోలు, ఫైవ్ స్టార్‌కి 15 యూరోలు. బుకింగ్ సైట్‌లో కట్టిన మొత్తంలో ఇది చాలాసార్లు కలవదు, అక్కడ దిగాక అడుగుతారు. కారు అద్దెకి తీసుకోవాలంటే మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ ఆర్టీఏలో తీసుకుని వెళ్ళండి. మే చివర, జూన్, సెప్టెంబర్ నెలలు మంచివి. పిల్లల సెలవులని మే మొదట్లోనే వెళ్తే నీళ్ళు చల్లగా ఉంటాయి, సముద్రంలో దిగేవాళ్ళకి సెప్టెంబరే మేలు. ఆగస్టు 15 మేరీమాత పండగ, ఆ వారం గ్రీస్ మొత్తం ఓడల్లోనే ఉంటుంది, ఆ చుట్టుపక్కల తేదీలు పెట్టుకోకండి.

ఈ ఫెర్రీకి అయిదుకి అయిదు ఇస్తాను. టైముకి బయల్దేరింది, శుభ్రంగా ఉంది, సిబ్బంది నాన్న చేయి పట్టుకుని ఆ ఇనుప వాలు దాటించారు, ధర అందుబాటులో ఉంది. నాక్సోస్‌కీ అయిదే. శాంటోరినికి నాలుగు, ఆ ఒకటి రద్దీకి, గది అద్దెలకి తగ్గించాను.

తిరుగు ప్రయాణం మధ్యాహ్నం ఓడలో వస్తే పిరేయస్ చేరేసరికి రాత్రి పదకొండు దాటుతుంది, ఆ టైముకి మెట్రో అందకపోవచ్చు. మర్నాడు పొద్దున్నే ఫ్లైట్ పెట్టుకోకుండా మధ్యలో ఒక పూర్తి రోజు ఏథెన్స్‌కి ఉంచండి. గాలికి ఓడ ఆగిపోయినా ఆ రోజు అడ్డుపడి ఫ్లైట్‌ని కాపాడుతుంది, ఆగకపోతే అక్కడి పురాతన కొండకోట అక్రోపోలిస్ చూసుకోవచ్చు. పోర్ట్ దగ్గర హోటల్‌వాళ్ళకి రాత్రి ఆలస్యంగా వస్తామని ముందే చెప్పి పెట్టండి, చిన్న హోటళ్ళలో రిసెప్షన్ రాత్రంతా ఉండదు.